నలభయ్యో రోజు గోలీ

ముప్పై ఏళ్లుగా గొర్రెల బేరం చేస్తున్నాను. సూర్యాపేట అంగడిలో కొని మిర్యాలగూడలో అమ్ముతాను. ఈ పనిలో ఉన్న మాట ఎవడూ మొదట చెప్పడు. ఇరవై కిలోల పొట్టేలంటే పద్నాలుగు తూగుతుంది. రెండు ఈతల గొర్రె అంటే నాలుగు ఈనిందని లెక్క. ఏ అంకె విన్నా కొంత కోసేయడం నాకు తెలియకుండానే జరిగిపోతుంది.

నా భార్య కొమురమ్మకు మోకాళ్ల నొప్పులు. ఐదేళ్లుగా అంగడికి పోయినప్పుడల్లా నేనే నొప్పి గోలీలు తెచ్చేవాణ్ణి. పొద్దున ఖాళీ కడుపున వేసుకొని జీవాల వెంట పోయేది. మొన్న ఎండాకాలం నెత్తురు కక్కుకుంది. కోదాడ తీసుకుపోతే అక్కడి డాక్టరమ్మ గొంతులోంచి గొట్టం వేసి చూసింది. కడుపులో లోతైన పుండు, గోలీల వల్లే అన్నది.

"మానుతదా మేడం?"

"మానుతుందండీ. కడుపు దాన్నదే బాగుచేసుకుంటుంది. లోపలి పొర జిగురుతో పాటు పెప్టైడ్లని చిన్న చిన్న ప్రొటీన్లను వదులుతుంది. అవి పుండు అంచున ఉన్న కణాలను జరిపి పైన కప్పు వేయిస్తాయి. పైన కప్పు పడినా కింద లోతు పూడటానికి టైం పడుతుంది. ఈలోగా నొప్పి మాత్ర పడిందా, ఆ జిగురు తగ్గిపోయి పుండు మళ్లీ తెరుచుకుంటుంది. నేను రాసినవి వాడండి. అరవై రోజులు నొప్పి మాత్ర ముట్టుకోకూడదు."

"నలభైకి కాదా?"

ఆమె నవ్వింది. "ఇదేమన్నా పొట్టేలు బేరమా, సోమయ్య గారూ? అరవై అంటే అరవయ్యే."

బేరంలో నవ్విన మనిషి దిగుతాడని నా అనుభవం.

ఇరవై రోజులకు కొమురమ్మ ముఖాన రంగు తిరిగింది. పెరుగన్నం అడిగి తిన్నది. మోకాళ్లు మాత్రం వాచిపోయాయి. వాకిలి దాకా దోగాడుతూ పోయేది.

"నన్ను గూడ అంగడిల అమ్మకపోయినవయ్యా" అనేది.

"కుంటి జీవాన్ని ఎవడు కొంటడే?"

ఇద్దరం నవ్వేవాళ్లం. కానీ తెల్లవారితే ఆమె పళ్లు బిగబట్టి లేవడం చూడలేకపోయేవాణ్ణి. నలభయ్యో రోజు అంగడి నుంచి గోలీలు తెచ్చాను.

"ఇగో, ఒకటి ఏస్కో."

"డాక్టరమ్మ అరవై అన్నది గదా. ఇంక ఇరవై ఉన్నయ్."

"మనం నలభైయే ఆగుతమని ఎరికుండే అరవై చెప్తరు. కడుపుల నొప్పి ఉన్నదా?"

"లేదు."

"మరి మానినట్టే."

"నువ్వు లోపల సూసినవా?"

"ముప్పై ఏండ్ల సంది జీవాలను సూస్తున్న. నాకు తెల్వదా?"

వేసుకుంది. ఆ సాయంత్రం తన కాళ్ల మీద తాను దొడ్డి దాకా నడిచింది. నా లెక్క తప్పలేదనుకున్నాను. మరో మూడు రోజులు రెండు పూటలా ఇచ్చాను.

ఐదో నాడు దొడ్డి దగ్గర పడిపోయింది. రెండు రోజులుగా నల్లగా విరేచనం అవుతున్నా నాకు చెప్పలేదట. సూర్యాపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. నెత్తురు ఎక్కిస్తూ డాక్టరు, "నొప్పి గోలీలు వేసుకున్నదా?" అని అడిగాడు. మా బిడ్డ గోపిక తల్లి మీదికి వంగింది.

"ఎవరిచ్చిన్రమ్మా?"

కొమురమ్మ నా వైపు చూడలేదు. "నేనే తెప్పించుకున్న. మీ నాయిన వద్దనే అన్నడు. నేనే ఇనలే."

"ఇంకో మూడు వారాలు ఆగితే అయిపోతుండె గదమ్మా" అన్నాడు డాక్టరు, కోదాడ చీటీ చూసి విసుగ్గా.

మంచం కడ్డీ పట్టుకొని నిలబడి ఉన్నాను. నేనే ఇచ్చానని ఒక్క మాట అంటే సరిపోయేది. గోపిక నన్ను ఎట్లా చూస్తుందో ఊహించాను. కొమురమ్మ బతికి లేచాక చెప్పవచ్చు, అప్పుడైతే ఎవరూ అంతగా పట్టించుకోరు అనుకున్నాను.

ఆపరేషన్ చేద్దామంటే ఒంట్లో సత్తువ లేదన్నారు. మూడో నాడు పొద్దున పది గంటలకు పోయింది.

పదకొండో దినాన చుట్టాలంతా వచ్చారు. గోపిక ఏడుస్తూ వాళ్లకు చెబుతోంది. "నాయిన ఎంత చెప్పినా ఇనలే అమ్మ. గోలీలు దాసుకొని మింగింది."

నా బావమరిది పరశురాములు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వేం జేస్తవ్ బావా. అక్క మొదటి సంది మొండిదే."

"అవును" అన్నాను.