ఫోన్‌లో విన్న సెమీఫైనల్

మే రెండో వారంలో మా ఊళ్లో జాతీయ జూనియర్ ఐస్ హాకీ పోటీలు జరిగాయి. బయట పొలాల్లో గోధుమ విత్తుతున్న రోజులు. మా ఆయన వాల్ట్ ట్రాక్టరు ఆపేసి సెమీఫైనల్‌కి వచ్చాడంటే, అదెంత పెద్ద సంగతో ఇక నేను చెప్పక్కర్లేదు.

మా జట్టు గోల్‌కీపర్ జోపీ రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉంటున్నాడు. దూరం నుంచి ఆడటానికొచ్చే పిల్లల్ని ఊళ్లో ఇళ్లవాళ్లు ఉంచుకోవడం మాకు మామూలే. వాడికి పదిహేడేళ్లు. విమానం తప్ప వేరే దారిలేని, ఉత్తర ధ్రువం వైపు మంచులో బతికే ఇన్యుట్ తెగవాళ్ల ఊరు వాడిది. నన్ను పెద్దమ్మా అంటాడు. వాళ్లమ్మ లీటియా నన్ను అక్కా అంటుంది. ఆమెని నేను ఫోన్‌లో తప్ప చూడలేదు.

ఆమె ఈ ఆటకి రావాల్సింది. సంచి సర్దుకుని మూడు రోజులు విమానం కోసం కూర్చుంది. అక్కడ మంచు తుఫాను వదల్లేదు. ఇంటర్నెట్ కూడా పోయింది. ఫోన్ మాత్రం పలుకుతోంది.

"నువ్వు చెబుతుంటే వింటానక్కా. ఇవాళ నీ నోరే నాకు రేడియో."

"నా నోరు ఆపడమెలాగో ముప్పయ్యేళ్లుగా మా ఆయనకే తెలీలేదు. నీకేం భయంలేదు," అన్నాను.

చెప్పడం మొదలుపెట్టాను. పక్ అనే ఆ రబ్బరు బిళ్ల ఎటు వెళ్లిందో, ఎవరు ఎవర్ని గుద్దారో, అన్నీ చెప్పాను. ఒక గోల్ పడినప్పుడు వాల్ట్ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "మీవాడి తప్పు కాదమ్మా, ముందున్న దున్నపోతు అడ్డం తప్పుకోలేదు!" అని అరిచాడు. ఆమె నవ్వింది. ఆఖరిదైన మూడో భాగానికొచ్చేసరికి స్కోరు రెండు–రెండు. ఇంకా ఏడు నిమిషాలుంది.

అవతలి జట్టువాడొకడు పక్ తీసుకుని వేగంగా వచ్చాడు. మా జట్టువాడొకడు వెనకనుంచి తోశాడు. అవతలివాడు పడి, జారుకుంటూ వెళ్లి జోపీని గుద్దాడు. ఇద్దరూ కలిసి గోల్ స్తంభంలోకి వెళ్లారు. అవతలివాడు లేచాడు.

జోపీ లేవలేదు.

"ఏమైందక్కా?"

"ఏంలేదు. విజిల్ వేశారు. గోల్ పక్కకి జరిగింది, సరిచేస్తున్నారు."

నా నోట్లోంచి అదెలా వచ్చిందో నాకే తెలియదు. వాడు లేస్తాడు, ఈలోపు ఆ తల్లిని ఎందుకు భయపెట్టాలి అనుకున్నాను. వాడు లేవలేదు. ఎవరికైనా గట్టి దెబ్బ తగిలితే చేసేట్టు, ఆటగాళ్లందరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. వాల్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అక్కా," అంది లీటియా మెల్లగా. "అంతమంది ఉండి ఒక్కరూ మాట్లాడట్లేదేంటి?"

అప్పుడు చెప్పాను.

ఆమె ఏడవలేదు. "కాళ్లు కదులుతున్నాయా? చూసి చెప్పు," అంది.

"చుట్టూ మనుషులున్నారు. కనిపించట్లేదు తల్లీ."

"లేచి చూడు."

"నిలబడే ఉన్నాను."

ఇక ఆగలేక మెట్లు దిగి పరుగెత్తాను. కింద ఆటగాళ్లు వచ్చిపోయే తలుపు దగ్గర కాపలా మనిషి అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు వాళ్లమ్మగారా?"

"కాదు. మా ఇంట్లో ఉంటాడు."

"సొంతవాళ్లనే పంపమన్నారండీ. ఏమీ అనుకోకండి."

"సొంతవాళ్లు ఇదిగో!" అని ఫోన్ వాడి మొహానికి పెట్టాను. పాపం, ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు? ఫోన్ వంక చూశాడు, నా వంక చూశాడు, తల దించుకున్నాడు. తలుపు మాత్రం వదల్లేదు.

మెడ కదలకుండా పట్టీ కట్టి, స్ట్రెచర్ మీద వాణ్ని ఆ దారినే తెచ్చారు. జట్టు ఫిజియో నన్ను గుర్తుపట్టింది. "అర నిమిషం," అంది. ఫోన్ తీసుకుని వాడి చెవి దగ్గర పెట్టింది. లీటియా వాళ్ల భాషలో ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాడు ఒకే ఒక మాట అన్నాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు. నేను తుడిచేలోపు తీసుకెళ్లిపోయారు.

తుఫాను తగ్గి లీటియా వచ్చేసరికి ఇంకో మూడు రోజులు పట్టింది. నేననుకున్నదానికంటే చాలా పొట్టి మనిషి. పలకరింపులేం లేవు, నా చెయ్యి పట్టుకుని నేరుగా ఆసుపత్రి గదిలోకి నడిచింది.

మెడ ఎముక చిట్లిందన్నాడు డాక్టరు. నడుస్తాడు, చేతుల్లో బలం నెమ్మదిగా వస్తుంది. గోల్ ముందు నిలబడటం మాత్రం ఇక కుదరదు. జోపీ పైకప్పు వంకే చూస్తూ విన్నాడు. డాక్టరు వెళ్లాక అడిగాడు.

"స్కోరెంత పెద్దమ్మా?"

"మూడు–రెండు. ఓడిపోయాం."

"మూడోది ఎవడు కొట్టాడు?"

"పంతొమ్మిదో నంబరు పిల్లాడు."

"ఎడమవైపు, కిందికి కొట్టుంటాడు."

"అవున్రా."

"వాడెప్పుడూ అంతే కొడతాడు. మొదటి భాగంలోనే కనిపెట్టాను. నా బదులు దిగినవాడికి చెప్పుండాల్సింది," అన్నాడు. "చెప్పమని ఎవర్నైనా అడుగుదామనుకున్నాను పెద్దమ్మా. అక్కడ పడున్నప్పుడు మాట రాలేదు."

లీటియా చెంచాతో సూప్ తీసి, ఊది, వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు నోరు తెరవలేదు. ఆమె చెంచా అలాగే పట్టుకుని కూర్చుంది.