చింతపండుతో తోమిన పతకం

అసలు ఈ హిమజని ఎవరు తోమమన్నారు, నల్లబడ్డ ఇత్తడి కంటపడితే చాలు చేతులు ఊరుకోవు ఈ మనిషికి, శుక్రవారం పూటా కుందులు తోముతూ తోముతూ సింకు గట్టు మీద ఆరబెట్టిన పతకాన్ని కూడా ఆ చింతపండు గుజ్జులోకే లాగేసి తళతళలాడించి పెట్టింది, ఉప్పునీళ్ళలో నానబెట్టి, వెనిగర్ పోసి, పెరట్లో తడిమట్టిలో పాతి, నానా అవస్థలూ పడి తను దానికి తెచ్చిన ముసలితనమంతా ఒక్క తోముడికి వదిలిపోయింది, పైగా ఏమండీ, పెద్దాయనకి ఇచ్చేది కదా, అట్టా మురికిగా ఇస్తే ఏం బాగుంటందీ అని తననే అడిగింది, కొన్నదని చెప్పాడు గానీ బురదలో దాచి దొరికినట్టు నటించబోతున్నానని చెప్పలేదు మరి, ఆ మురికి కోసమే ఇన్ని తిప్పలూ అని చెబితే పడీపడీ నవ్వదూ, అనుకుంటూ మహేంద్ర మెటల్ డిటెక్టరు పళ్ళేన్ని తడి ఇసుక మీద ఎడమకీ కుడికీ మెల్లగా ఊపుతున్నాడు, సముద్రపు ఆటు బాగా తీసి ఉంది, వైరోవా నది సన్నబడి అవతలి ఒడ్డు పక్కగా పారుతోంది, ఈ పక్కనంతా బురదే, ప్యాంటు జేబులో పతకం కొన అడుగడుక్కీ తొడకి గుచ్చుకుంటోంది, వెనక గట్టు మీద విల్లో చెట్టు కింద మడత కుర్చీలో కూర్చున్న ఆ పెద్దాయన, డెస్, తననే చూస్తున్నాడు.

చెవుల్లో కుయ్యిమంది, వంగి తవ్వితే ఐదు సెంట్ల బిళ్ళ, ఇంకెవరిది, తనదే, పోయిన శనివారం తనే విసిరినది, నది కనబడితే నాణెం వెయ్యకుండా ఉండలేని చెయ్యి తనది, చిన్నప్పుడు నెల్లూరు నుంచి విశాఖ వెళ్ళే రైల్లో కృష్ణ దాటుతుంటే, గోదావరి దాటుతుంటే అమ్మ తన గుప్పిట్లో బిళ్ళ పెట్టి కళ్ళకద్దుకుని వెయ్యిరా నాన్నా అనేది, ఊచల మధ్య నుంచి విసిరిన బిళ్ళ వంతెన ఇనుముకి తగిలి ఠంగుమంటే నదికి అందలేదని బెంగ, ఇక్కడ పోయినేడు ప్రభుత్వం ఐదు సెంట్ల బిళ్ళల్ని రద్దు చేశాక ఇంట్లో సీసాడు మిగిలిపోయాయి, వాటినే తెచ్చి వేస్తున్నాడు, చెల్లని బిళ్ళలేస్తే చెల్లని పుణ్యమే వస్తది అని హిమజ ఎగతాళి చేస్తుంది, ఎంత ఎగతాళి చేస్తే ఏం, వేశాక గానీ పని మొదలుపెట్టబుద్ధి కాదు, తీరా ఆ వేసిన వాటినే యంత్రం మళ్ళీ మళ్ళీ పట్టిస్తుంది, మొదటిసారి డెస్ అది చూసి, నువ్వే వేసి నువ్వే వెతుక్కుంటున్నావేంటి మేట్ అని పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆ రోజే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

స్నేహమే గానీ ఆయన్ని ఏమని పిలవాలో ఈ రోజుకీ తెలియదు, తండ్రి కంటే పెద్దవాణ్ణి డెస్ అని పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు, అంకుల్ అంటే ఇక్కడివాళ్ళకి వింతగా ఉంటుంది, అందుకని పిలవకుండానే ఎదురుగా వెళ్ళి నిలబడి మాట మొదలుపెడతాడు, ఎదురుగా నిలబడి ఓపిగ్గా వింటే ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకే కథ, అన్న కోలిన్ రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి ఇటలీలో పోయాడు, ఏళ్ళు గడిచాక చిన్న అట్టపెట్టెలో పతకం టపాలో వచ్చింది, ఆరు కొనల నక్షత్రం, వాళ్ళమ్మ ఏటా ఏప్రిల్లో, యుద్ధాలకి వెళ్ళినవాళ్ళని తలుచుకునే ఆంజాక్ డే నాడు దాన్ని కోటుకి కుడివైపు పెట్టుకునేది, సొంతవాళ్ళు ఎడమవైపు, పోయినవాళ్ళ తరఫున పెట్టుకునేవాళ్ళు కుడివైపు, ఒక ఏడు అలా పెట్టుకుని వచ్చేసరికి ఆవొకటి ఈ బురదలో దిగబడిపోయి అరుస్తోంది, కోటైనా విప్పకుండా దిగి తాడు వేసి లాగింది, ఆవు బయటికొచ్చింది, పతకం పోయింది, ఇక ఆవిడ బతికినన్నాళ్ళూ ఈ ఒడ్డున తలొంచుకునే నడిచిందట, ఎవరైనా దారిన పోతూ పలకరించినా తల ఎత్తేది కాదట, అదొక్కటీ దొరికితే కోలిన్ ఫొటో పక్కన పెట్టుకుంటాను మహీ, నాకింకేమీ అక్కర్లేదు అని ఆయన అడిగాడు, అడిగిందే తడవుగా తను సరేనన్నాడు, కివీపళ్ళ కంపెనీలో కంప్యూటర్లు చూసుకునేవాడికి శనివారాలు వేరే పనేముంది, వేసవంతా వెతికాడు, సీసా మూతలు, గాలానికి కట్టే సీసపు గుళ్ళు, తుయి పిట్ట బొమ్మ ఉన్న పాత రాగి పెన్నీలు, గుర్రపునాడా, అన్నీ దొరికాయి, అది దొరకలేదు, రేపు ఆయన కూతురు వచ్చి క్రైస్ట్‌చర్చ్ తీసుకుపోతోంది, అక్కడ వృద్ధుల హోమ్‌లో గది తీసుకున్నారు, ఇక ఈ ఒడ్డుకి రావడం ఉండదు, ఉత్త చేతులతో పంపడానికి మనసొప్పలేదు, అందుకే ఇంటర్నెట్ వేలంలో అచ్చం అలాంటిదే కొన్నాడు, ఆ యుద్ధం పతకాల మీద ఈ దేశం వాళ్ళు పేర్లు చెక్కలేదు, ఎవరిదైనా ఎవరిదిగానైనా చెల్లుతుంది, కలిసొచ్చింది అనుకున్నాడు.

నీళ్ళ చప్పుడు మారింది, పోటు మొదలైనట్టుంది, అడుగుల్లో నీరు ఊరుతోంది, ఇక ఆలస్యం చేస్తే బురద మునిగిపోతుంది, ఇది మోసం కాదా అని లోపలి నుంచి ఎవరో అడుగుతున్నారు, మోసమే, కానీ ఎవరికి నష్టం, ఆసుపత్రిలో నాన్నకి రిపోర్టులన్నీ బాగున్నాయని చెప్పలేదూ, ఆ మాటతో ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినలేదూ, అయినా నాన్నకి నిజం తెలిసే ఉంటుందేమోనని ఇప్పటికీ గుండెలో ఏదో కలుక్కుమంటుంది, ఆ సంగతి ఇప్పుడెందుకు, గట్టుకి వీపు పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తవ్వుడు కర్రతో చిన్న గుంట చేసి, జేబులోంచి పతకం తీసి అందులో వేసి, మెరుపు కనబడకుండా చేతుల నిండా బురద తీసి దట్టంగా పామాడు, యాభైకి దగ్గరపడ్డ మనిషి పరీక్షలో కాపీ కొడుతున్నట్టు ఇదేం ఖర్మ, పళ్ళేన్ని పైన ఆడించాడు, కుయ్యిమని గట్టిగా తియ్యగా మోగింది, ఇలా రండి, ఇక్కడేదో ఉంది అని కేకేశాడు, తన గొంతు తనకే నాటకంలా వినిపించింది.

డెస్ చేతికర్ర ఊతంతో గట్టు దిగి వచ్చాడు, తనే వంగబోయాడు, మహేంద్ర ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు, ముడతలు పడిన వేళ్ళు బురదలో తడిమి తడిమి నక్షత్రాన్ని పైకి తీశాయి, ఒక్క క్షణం ఆయన మొహం అమ్మ వెనకాల నడిచే పిల్లాడి మొహంలా అయిపోయింది, హమ్మయ్య అనుకున్నాడు మహేంద్ర, ఇంతలో ఆయన బొటనవేలితో బురద తుడిచాడు, తుడిచినచోట పసుపుపచ్చగా ధగధగా మెరిసింది, ఇంకో కొన తుడిచాడు, అదీ మెరిసింది, ఈ నదిలోంచి ఇంత శుభ్రంగా ఏదీ రాదు మహీ, అన్నాడు మెల్లగా, నేను డెబ్భై ఏళ్ళుగా ఈ బురదలోంచి తీసినవి చూస్తున్నాను, కోపం లేదు ఆ గొంతులో, అదే ఇంకా కష్టంగా ఉంది, మహేంద్రకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది, దాచడానికి ఏమీ మిగల్లేదు, వేలంలో కొన్నాను, మీరు రేపు వెళ్ళిపోతున్నారు, నల్లగా చేశాను గానీ మా ఆవిడ తెలియక తోమేసింది, మా ఇళ్ళల్లో దేవుడి దీపపు కుందుల్ని చింతపండుతో తోముతాం, ఆ అలవాటు కొద్దీ, అని గడగడా చెప్పేశాడు, తప్పయిపోయింది, క్షమించండి, ఇటివ్వండి, తీసేస్తాను, అని చెయ్యి చాపాడు.

డెస్ ఇవ్వలేదు, తోమిందా, అన్నాడు, దేవుడి దీపాలతో కలిపి తోమిందా అని మళ్ళీ అడిగాడు, అవునన్నాడు మహేంద్ర, ఆయన నవ్వాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు, మా అమ్మ కూడా ఏప్రిల్ వచ్చిందంటే వంటగదిలో కూర్చుని కోలిన్ నక్షత్రాన్ని రుద్దేది, అన్నాడు, మరి ఇతనెవరు అని అడిగాడు, ఎవరు అంటే ఏమిటో మహేంద్రకి చప్పున అర్థం కాలేదు, అమ్మినవాళ్ళెవరని కాబోలు అనుకుని, దక్షిణ దీవిలో ఎవరో, ఇల్లు ఖాళీ చేస్తుంటే గుండీల డబ్బాలో దొరికిందని రాశారు, అన్నాడు, వాళ్ళు కాదు మహీ, ఇతను, ఇటలీ వెళ్ళినవాడు, అన్నాడు డెస్ నక్షత్రాన్ని అరచేతిలో పైకెత్తి, కొనేముందు మహేంద్ర రంగు అడిగాడు, సైజు అడిగాడు, రిబ్బను ఉందా అని అడిగాడు, ఎవరిదని మాత్రం అడగలేదు, పెరట్లో పాతి రోజూ తీసి చూసుకున్నాడు, ఇంకా కొత్తగానే ఉందే అని విసుక్కున్నాడు, అంతసేపు చేతిలో పెట్టుకుని ఒక్కసారి కూడా దీని వెనక ఒక మనిషి ఉంటాడని తోచలేదు, నది ఇసుక అంచు దాటి వాళ్ళ బూట్ల దాకా వచ్చింది, పదండి, నీళ్ళొస్తున్నాయి అన్నాడు మహేంద్ర, డెస్ పతకాన్ని రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కోలిన్ పక్కన పెడతాను, ఇతనికి ఎవరూ లేనట్టుంది పాపం, అన్నాడు, మీ ఆవిడకి థాంక్స్ చెప్పు అన్నాడు, చేతికర్ర బురదలో గుచ్చుతూ నెమ్మదిగా గట్టెక్కుతున్న ఆయన వెనకే, పడితే పట్టుకోవడానికి చేతులు చాపి నడుస్తున్న మహేంద్రకి సిగ్గు తగ్గలేదు గానీ మనసు నెమ్మదించింది, కోలిన్ కోసం ఒక తల్లి చచ్చేదాకా వెతికింది, తమ్ముడు ముసలివాడయ్యేదాకా వెతికాడు, చివరికి ఎక్కడో నెల్లూరు నుంచి వచ్చిన తనూ వెతికాడు, ఈ నక్షత్రంవాడి కోసం ఎవరూ వెతకలేదు, గుండీల డబ్బాలోంచి తీసి బేరానికి పెట్టారు, నకిలీ అనుకుని తను ఇన్నాళ్ళూ దాచిపెట్టింది నకిలీ కాదు, ఎవరూ వెతకని ఒక మనిషి.