రంగుల పిన్ని ఇంగ్లీషు పరీక్ష

బీరువాల ఫ్యాక్టరీలో ఆవిడను అందరూ రంగుల పిన్ని అంటారు. వయసులో ఆవిడకన్నా పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా నోరారా పిన్నీ అనే పిలుస్తాడు. ఇరవై రెండేళ్లుగా ముఖానికి ముసుగు తగిలించుకుని, చేత్తో రంగు చిమ్మే గన్ పట్టుకుని, ముందుకొచ్చిన ప్రతి తలుపుకూ రంగు కొట్టిన మనిషి. ఆవిడ కొడితే ఒక్క చుక్క కారదు, ఒక్క మచ్చ పడదు. ఆ పనికి వంక పెట్టినవాళ్లు ఇంతవరకు లేరు.

అంతటి పిన్ని ఆ ఉదయం మేనేజరు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని చెమటలు కక్కుతోంది.

సంగతేమిటంటే, ఆరు నెలల కిందట ఫ్యాక్టరీకి రంగు కొట్టే రోబో వచ్చింది. మనిషి ఆకారమేమీ లేదు, నేలకు బిగించిన ఒంటి చెయ్యి, దాని చివర గన్, అంతే. దానికెవరో ఒకరు పని నేర్పాలి. నేర్పడమంటే పాఠాలు చెప్పడం కాదు. ఆ చెయ్యి పట్టుకుని తలుపు మీద ఒకసారి తిప్పితే, ఎలా తిప్పితే అలాగే మళ్లీ తిరుగుతుంది. పిన్ని పట్టుకుని నేర్పింది. అదీ బుద్ధిగా నేర్చుకుంది. ఎంత బుద్ధిగానంటే, తలుపు పూర్తవగానే పిన్ని ఒక్క అడుగు వెనక్కి వేసి చూసుకుంటుంది కదా, అదీ అలాగే వెనక్కి జరిగి కాసేపు ఆగేది. కళ్లు లేనిదానికి ఏం కనిపిస్తుందో ఏమో! ఇంజినీరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఆ ముక్క తీసేద్దామన్నాడు.

"ఉండనివ్వండి సార్, పని చేశాక ఒకసారి చూసుకోవద్దా?" అంది పిన్ని.

అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా రోబోను తయారుచేసినవాళ్లు పెట్టిన షరతుతో వచ్చింది. యంత్రం మొరాయిస్తే ఎక్కడో సముద్రాల అవతల ఉన్న వాళ్ల మనుషులకు ఇంగ్లీషులో చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ చూస్తే కొండల వెనక ఉంది, అక్కడికి కేబుల్ రాదు. అందుకని క్యాంటీన్ కప్పు మీద పెద్ద డిష్ బిగించారు. ఇక్కడి మాట అందులోంచి పైనున్న ఉపగ్రహానికి ఎక్కి, మళ్లీ కిందికి దిగి వాళ్లను చేరుతుంది. రోబోను చూసుకునే మనిషి ఆ లైను మీదే పావుగంట ఇంగ్లీషులో మాట్లాడి పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే రోబో మరొకరి చేతికి పోతుంది, పిన్ని ప్యాకింగులో కూర్చుని అట్టపెట్టెలకు టేపు అంటించుకోవాలి. చెయ్యి పట్టుకుని నేర్పినదాన్ని ఎవరికో అప్పగించి టేపు అంటించడమా?

ఇంగ్లీషు నేర్పే బాధ్యత అత్తగారు నెత్తినేసుకుంది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. దూరప్రాంతాల ట్రంకు లైన్ల మీద అరిచి అరిచి, ఇంట్లో ఉప్పు డబ్బా అడిగినా మూడు వీధులకు వినిపించేలా అడుగుతుంది. పరీక్షలో ఎలాంటి ప్రశ్నలు వస్తాయో కంపెనీ ఒక కాగితం పంపితే, పన్నెండింటికీ జవాబులు రాసి, నెల రోజులపాటు గరిటె ఝళిపిస్తూ కోడలి చేత వల్లె వేయించింది. మధ్యలో కొడుకు వచ్చి "అమ్మా, కాస్త మెల్లిగా" అంటే, "నువ్వెళ్లి బట్టలు ఆరెయ్యరా" అని తరిమేసింది.

పరీక్ష రోజు పొద్దున కోడలిని గుమ్మం దగ్గర ఆపింది.

"చూడమ్మాయ్, పన్నెండు ప్రశ్నలు, పన్నెండు జవాబులు. వరస తప్పకు. ఇంకో మాట. దూరం లైన్లో గ్యాప్ ఇవ్వకూడదు. ఆగావంటే లైను కట్టయిందనుకుని అవతలివాళ్లు పెట్టేస్తారు. ఏమైనా సరే నోరు మాత్రం మూయకు!"

"మూయను అత్తయ్యా" అంది పిన్ని భక్తిగా. పెళ్లయిన పాతికేళ్లలో నోరు మూయవద్దని అత్తగారు చెప్పడం అదే మొదటిసారి.

గాలికి డిష్ కదిలిందో ఏమో, కంప్యూటరులో బొమ్మ రాలేదు. ఒక ఆడగొంతు మాత్రం వచ్చింది. పరీక్ష పెట్టే మేడమ్. మేనేజరు తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లిపోయాడు.

"మీరు ఏం పని చేస్తారు?" అని ఇంగ్లీషులో మొదటి ప్రశ్న వచ్చింది. ఒకటో జవాబు పిన్ని గడగడా అప్పజెప్పింది. బీరువాలకు రంగు వేస్తాను.

అవతల చప్పుడు లేదు. అంత ఎత్తు ఎక్కి దిగడానికి మాటకు కాస్త సమయం పడుతుందని అత్తగారికి తెలియదు, ఆవిడ శిష్యురాలికి అసలే తెలియదు. లైను పోతుందేమోనని పిన్ని వెంటనే రెండో జవాబు కూడా పడేసింది. ఇరవై రెండేళ్లుగా.

అప్పుడు తాపీగా రెండో ప్రశ్న వచ్చింది. "ఎన్నేళ్లుగా చేస్తున్నారు?"

"ఎర్ర బటన్ నొక్కుతాను మేడమ్!"

"రోబోకు ఎవరైనా అడ్డం వస్తే ఏం చేస్తారు?"

"బూడిద రంగు, ఆకుపచ్చ మేడమ్!"

అవతల ఇంకా పెద్ద నిశ్శబ్దం. బండి పట్టాలు తప్పిందని పిన్నికి తెలుస్తూనే ఉంది, ఆపడం తెలియడం లేదు. అయిదు, ఆరు, ఏడు జవాబులు ఒకదాని మీద ఒకటి పోగు పడ్డాయి. ఎనిమిదోది ఎంతకీ గుర్తు రాలేదు. ఇక చెప్పడానికేమీ లేక, నెల రోజుల చదువు బూడిదలో పోసిన పన్నీరైందని కళ్లనీళ్లు తిరుగుతుండగా, పిన్ని నోరు మూసింది.

మూసింది కాబట్టి వినిపించింది.

మేడమ్ గొంతు వెనకాల, దూరంగా, ఎవరో గన్‌తో రంగు కొడుతున్నారు. తుస్సు... తుప్ తుప్... తుస్సు. పిన్ని చెవులు నిక్కబొడుచుకున్నాయి. ముసుగు అద్దం మీద రంగు పేరుకుంటే సగం రోజు ఏమీ కనబడదు. ఇన్నేళ్లూ ఆవిడ చూసి కొట్టింది కొంతే, విని కొట్టిందే ఎక్కువ. మంచి గన్ ఆగకుండా ఒక్క తీరున పలకాలి. ఇది దగ్గుతోంది. ఈ పాటికి ఆ తలుపు నిండా చుక్కలు పడి ఉంటాయి!

"మేడమ్, హూ ఈజ్ పెయింటింగ్?" అనేసింది పిన్ని. కాగితంలో లేని మాట.

ఈసారి ఆగింది. ఆగమని ఎవరూ చెప్పలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది కాబట్టి జవాబు కోసం చూసింది. కాసేపటికి వచ్చింది. ఇది శిక్షణ షెడ్డు, కొత్తగా చేరిన అమ్మాయి ఆ మూల పని నేర్చుకుంటోంది, పొద్దుట్నుంచీ గన్ సరిగా పలకడం లేదు, చప్పుడుకు క్షమించాలి అని.

"కప్ ఫుల్?"

మేడమ్ ఎవర్నో అడిగినట్టుంది. "ఫుల్."

"నాజిల్ టైట్?"

"టైట్."

"దెన్ లిడ్, మేడమ్. లిడ్ స్మాల్ హోల్. పెయింట్ డ్రై, హోల్ క్లోజ్. నో ఎయిర్. టేక్ పిన్. ఓపెన్!"

రంగు కప్పు మూత మీద ఆవగింజంత బెజ్జం ఉంటుంది. అది పూడిందంటే ఎంత పెద్ద గన్ అయినా దగ్గుతుంది. చెబుతూ చెబుతూ పిన్ని తన పైటకున్న గుండుసూది తీసి గాలిలో పొడిచి మరీ చూపించింది, బొమ్మ రావడం లేదన్న సంగతే మరిచిపోయి.

ఆగింది. విన్నది. అవతల అడుగుల చప్పుడు, కప్పు మీద మూత తిరిగి పెట్టిన చప్పుడు. ఆ తరువాత గన్ పలికింది. సన్నగా, ఒకే తీరున, ఎక్కడా తెగకుండా. పిన్ని ప్రాణం లేచొచ్చింది.

"ఆఁ, అదీ!" అంది శుద్ధ తెలుగులో.

మేడమ్ నవ్వుతోంది. కాసేపటికి నెమ్మదిగా, పిన్నికి అర్థమయ్యేలా చెప్పింది. పన్నెండో ప్రశ్న, యంత్రంలో లోపం వస్తే ఎలా కనిపెట్టి ఎలా చెబుతారు అని. దాన్ని ఇక అడగనక్కర్లేదు. మొదటి పదకొండూ ఆ ఒక్కదాని కోసమే పెట్టినవి. మీరు పాసయ్యారు.

పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. థాంక్యూ అని నాలుగుసార్లు చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేవబోయింది. ఇంతలో లైను మీద ఇంకో గొంతు వినిపించింది. లేత గొంతు, మాట మాటకీ తడబడుతోంది. ఆ గన్ పట్టుకున్న అమ్మాయి.

"థాంక్యూ మేడమ్. మై ఇంగ్లీష్... లిటిల్. నెక్స్ట్ వీక్, మై ఎగ్జామ్. ఐ ఫియర్."

పిన్ని మళ్లీ కూర్చుంది. సముద్రాల అవతల అందరికీ ఇంగ్లీషు నీళ్లప్రాయమని ఇన్నాళ్లూ అనుకుంటోంది. ఈ పిల్ల కూడా తనలాగే ఎక్కడో ఏ వంటింట్లోనో వల్లె వేస్తోందన్నమాట! ఆ పిల్ల మీద పిన్నికి ఎక్కడలేని ప్రేమ ముంచుకొచ్చింది.

"మై ఇంగ్లీష్ ఆల్సో లిటిల్" అంది. "డోంట్ ఫియర్. నౌ యువర్ గన్ సౌండ్ ఈజ్ వెరీ గుడ్. యూ టెల్ మీ, విచ్ క్వశ్చన్ ఫియర్?"

మేనేజరు తలుపు తీసి తొంగిచూసి, పావుగంట ఎప్పుడో అయిపోయిందన్నట్టు గడియారం చూపించాడు. పిన్ని వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆయన్ను ఆపింది.

"ఒక్క క్షణం ఆగండి సార్. నేనడిగాను, ఆ పిల్ల మాట ఇంకా దారిలో ఉంది."