అడిగితేనే చెప్పే ధర

"కార్డు చేతిలో ఉందా అండీ? ముందు దాని మీద నంబరు చదవండి" అంది ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు రాసే ట్రూడీ వాల్చెక్, ఆ ఉదయం ఆరోసారి. ఫోనులో మనిషి గర్వంగానే చదివాడు. ఈ అమెరికా ఊరు టొలీడోలో అందరూ అంతే. ఇన్సూరెన్సు కార్డు ఉంటే చాలు, ధర అడగకముందే తీసి చూపిస్తారు. ఆ నంబరు ఎక్కగానే కంప్యూటరు తెర మీద నగదు ధర మాయమవుతుంది. కార్డు లేనివాడికి సారికి నూట ఇరవై డాలర్లకు చేసే చికిత్స, కార్డు ఉన్నవాడికి మూడు వందల ఎనభై ఆరు. ఏడాదిలో మొదటి ఆరువేలూ సొంత జేబులోంచి పెట్టాకే కంపెనీ పైసా విదిలిస్తుంది కనుక ఆ మూడు వందల ఎనభై ఆరూ రోగి నెత్తినే పడతాయి. కార్డు వద్దు, నగదు కడతానంటే ఆసుపత్రి కాదనదు. కాకపోతే ఆ మాట రోగి నోటి నుంచే రావాలి. అడిగితే చెప్పొచ్చు, అడగకపోతే నోరు మూసుకోవాలి. అదీ రూలు.

ట్రూడీ ఇరవై రెండేళ్లుగా నోరు మూసుకుంటోంది. యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి. ఫోను చెవికి నొక్కిపెట్టి నొక్కిపెట్టి మెడ ఎడమ పక్కకి ఒరిగిపోయింది. భర్త పోయి తొమ్మిదేళ్లు. శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు, ఆదివారం చెల్లెలింట్లో బంగాళాదుంప కూరి ఉడికించిన పిరోగీలు, మిగతా రోజులన్నీ ఈ కిటికీ లేని గది, ఈ ఫోను. ఫోనులో తన గొంతంటే ఆమెకే అసహ్యం. నూనె రాసినట్టు నున్నగా జారుతుంది.

నిరుడు తన భుజం పట్టేసినప్పుడు మాత్రం ఆమె కార్డు పర్సులోంచి తీయలేదు. ఊరికి ఆ చివరనున్న ఇంకో ఆసుపత్రికి వెళ్లి, "నగదు ధర చెప్పండి" అని అడిగి, పన్నెండు సార్లు చికిత్స చేయించుకుని వచ్చింది. ఇప్పుడు చెయ్యి శుభ్రంగా పైకి లేస్తోంది. మూడు వారాలుగా, లేపినప్పుడల్లా తన మీద తనకే రోత పుడుతోంది.

మూడు వారాల కిందట బెర్నీస్ గ్రాబోవ్‌స్కి కౌంటరు దగ్గరికి వచ్చింది. బడి వంటశాలలో పని ఆమెది. గాజు ఫ్యాక్టరీలో పనిచేసిన భర్త లియోకి పక్షవాతం వచ్చి మింగడం పోయింది. ఏం తాగినా ఊపిరితిత్తుల్లోకి జారుతోంది. మళ్లీ మింగడం నేర్పడానికి పది సార్లు రమ్మన్నారు. రెండు సార్లు వచ్చారు, బిల్లు చూశారు.

"మిగతా ఎనిమిదీ కొట్టేయమ్మా. ఇంట్లో నేనే నేర్పిస్తాలే. పిల్లలకి తినిపించలేదా ఏంటి?" అంది బెర్నీస్. వెళ్లబోతూ ఆగి, "నా కార్డు మంచిదే కదా? బడివాళ్లిచ్చింది" అని అడిగింది.

సూపర్‌వైజరు గ్లెన్ పక్కనే నిలబడి కాఫీ తాగుతున్నాడు.

"మంచిదేనండీ" అంది ట్రూడీ.

ఆ మాటే ఆమెను తినేస్తోంది. ఇవాళ పదకొండింటికి గ్లెన్ వచ్చి, "ఏం ట్రూడీ, ఒక్కో ఫోనుకి ఇంతసేపా? పెళ్లి సంబంధాలు చూస్తున్నావా?" అన్నాడు. మధ్యాహ్నం రొట్టె ముట్టకుండా తన కారులో కూర్చుని లెక్క వేసుకుంది. ఎనిమిది సార్లకు తొమ్మిది వందల అరవై. బెర్నీస్ కట్టగలదు, లియో మళ్లీ మింగగలడు. ఉద్యోగం పోతే పోయింది. సొంత ఫోను తీసింది.

"బెర్నీస్ గారూ, ఆసుపత్రి నుంచి ట్రూడీని. లియో గారి చికిత్స గురించి..."

"లియో పోయిన బుధవారం చనిపోయాడమ్మా."

బెర్నీస్ చెప్పుకుపోయింది. "పల్చగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి జారుతుందని పొడి కలిపి చిక్కగా ఇస్తే, జిగురులా ఉందని ఒకటే తిట్లు. నేను బడికెళ్లాక మామూలు కాఫీ పెట్టుకుని తాగేశాడు. ఊపిరితిత్తులకి చీము పట్టిందన్నారు. నాలుగు రోజులే. ఇంతకీ ఎందుకు చేశావు తల్లీ?"

"ఊరికే... ఎలా ఉన్నారో కనుక్కుందామని."

"నీ కడుపు చల్లగా ఉండ. అంత ఆసుపత్రిలో అడిగినదానివి నువ్వొక్కదానివే."

ఫోను పెట్టేసి, కారు తలుపు తీసి, ట్రూడీ నేల మీద ఉమ్మింది. లోపలికి వెళ్లి కూర్చోగానే ఫోను మోగింది. ఈసారి రెండు ధరలూ చెప్పేయాలనుకుంది. నోరు మాత్రం దాని పని అది చేసింది. "కార్డు చేతిలో ఉందా అండీ?"

నాలుగింటికి బెర్నీస్ వంటశాల ఏప్రన్‌తోనే వచ్చింది. సంచిలోంచి ఒక డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇంకా సగం ఉందమ్మా, పారేయడానికి మనసొప్పలేదు. ఎవరికైనా ఇవ్వు" అని ట్రూడీ చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

చిక్కబరిచే పొడి డబ్బా అది. మూత మీద కాగితం అతికించి ఉంది, పెద్ద పెద్ద అక్షరాలతో: "లియోకి. కప్పుకి రెండు చెంచాలు. తిట్టినా సరే."