చంకలో ఫ్లాస్కు

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగి గడ్డి మీదే కూర్చున్నట్టుంది. వాన అనడానికి లేదు, ముసురు. తూర్పున సన్నగా ఒక తెల్లటి గీత కనపడింది గానీ, నేను ఒలెగారియో గేటు చేరేసరికి అదీ మూసుకుపోయింది. తీతువులు నా బండి ముందు లేచి, అరుచుకుంటూ ఒక చుట్టు తిరిగి, వెనకే వాలాయి.

బండ్ల మేస్త్రీనని నాకు కబురు పెట్టింది ఒలెగారియోనే. పాడి ఆయనది, పొలం ఆయనది. ఒక్కతే కూతురు నెల్సా. ఆమె మొగుడు విల్మర్, ఇల్లరికం వచ్చినవాడు. వేసవి చివర్లో నెల్సా పోయింది. మేత కొట్టం గేటు తీస్తుంటే వెనక ఆగి ఉన్న, పేడ ఎత్తే లోడరు ముందుకొచ్చి ఆమెను సిమెంటు స్తంభానికి అదిమేసింది. లోడరు మీద ఉన్నది విల్మర్.

నేను ముట్టుకోలేదు, చేతులు తీసేసే కూర్చున్నాను, దూడ అరిస్తే అటు చూశాను అని అతను అప్పుడే అందరితో చెప్పాడు. పోలీసులు ప్రమాదం అని రాసుకుని వెళ్లిపోయారు. కిరాణా కొట్టు దగ్గర మాత్రం జనం రెండుగా చీలారు. చెయ్యి అన్నవాళ్లు కొందరు, బండి అన్నవాళ్లు కొందరు. ఒలెగారియో ఏ పక్కా మాట్లాడలేదు. అల్లుడితో కలిసి తినడం మానేశాడు, అంతే. చలికాలం వచ్చినా కంచం పట్టుకుని పాలు పితికే పాకలోకి పోయి ఒక్కడే తినేవాడు.

నేను దిగగానే గుమ్మం దగ్గర ఒక సంచీ కనపడింది. విల్మర్ బట్టలు. తనే సర్దుకున్నాడట.

"చెయ్యా, బండా? నాకు ఒక్క మాట చాలు, ఎల్బియో," అన్నాడు ఒలెగారియో. "నీకు రెండో మాట ఎలాగూ రాదుగా. బండి అయితే వీడు ఉంటాడు. చెయ్యి అయితే ఆ సంచీ పట్టుకుని ఈ పూటే పోతాడు. నా కూతుర్ని చంపిన చేత్తో నా ఆవుల్ని పితకడానికి వీల్లేదు."

విల్మర్ అక్కడే నిలబడి ఉన్నాడు. తన గురించి కాదన్నట్టు బురద చూస్తున్నాడు.

లోడరు కొట్టం వెనక టార్పాలిన్ కింద ఉంది. ఆ రోజు నుంచి దాన్నెవరూ ముట్టలేదు. పేడ ఇద్దరూ పారలతోనే ఎత్తుతున్నారు. ఆవుల మధ్య తిరగగలిగేంత చిన్న బండి అది. స్టీరింగు ఉండదు, చేతికొకటి చొప్పున రెండు లివర్లుంటాయి. ఎడమది బండిని నడుపుతుంది, కుడిది బకెట్టును లేపుతుంది. లివరుకీ చక్రానికీ మధ్య ఇనుప కడ్డీలేమీ లేవు. చెయ్యి ఎంత కదిలిందో తీగ చెబుతుంది, కంప్యూటరు వింటుంది.

బ్యాటరీ మార్చి, బండిని దిమ్మెల మీదకి ఎత్తి, చక్రాలు గాలిలో ఉండేట్టు చేశాను. స్టార్ట్ చేసి చేతులు తీసేశాను. చక్రాలు కదల్లేదు. విల్మర్ ముఖం చూశాను. అతను తల తిప్పుకున్నాడు.

"నా చెయ్యే కదిలిందేమో మేస్త్రీ," అన్నాడు. "అప్పుడు కదల్లేదనే అనుకున్నాను. ఇప్పుడు తెలీట్లేదు. రాత్రిళ్లు దాన్నే చూస్తూ పడుకుంటున్నాను, ఈ చేతిని."

ఇంజను ఆపలేదు. చల్లని నూనె చిక్కగా ఉంటుంది, చిన్న తప్పును మింగేస్తుంది. కనెక్టర్లు విప్పి నీరు చేరిందేమో చూశాను. ఎలుకలు తీగలు కొరికాయేమో చూశాను. బ్రేకు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఈలోపు నూనె వేడెక్కింది. వేగం పెంచి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

చక్రాలు తిరిగాయి. నిదానంగా, ముందుకి. తలుపు దానంతటది తెరుచుకున్నట్టు.

విల్మర్ టైరు మీద చెయ్యి వేశాడు. అది అతని అరచేతి కింద నుంచి జారుకుంటూ పోయింది. చాలాసేపు అలాగే ఉంచాడు.

తెర మీద లివర్ల అంకెలు తెచ్చాను. ముట్టుకోకుండా ఉంటే రెండూ సున్నా చూపాలి. కుడిది సున్నా. ఎడమది కొద్దిగా ముందుకి. లివరు పాడైతే తప్పు లివరుతోపాటు పోవాలి కదా అని రెండింటి ప్లగ్గులూ అటుదిటు మార్చాను. తప్పు కదల్లేదు, ఎడమ పక్కనే ఉంది. అంటే లివరు మంచిదే. కంప్యూటరుకి సున్నా అంటే ఏదో నేర్పినప్పుడు తప్పు నేర్పారు.

ప్లగ్గులు మళ్లీ యథాస్థానంలో పెట్టి, ఈ లివరు ఎప్పుడు వేశారని అడిగాను. అది జరగడానికి ముందు రోజే అన్నాడు విల్మర్. పాతది పాడైతే కొత్తది తెచ్చి ఇంట్లోనే బిగించుకున్నారు. వానకి రోడ్డు తెగి నన్ను పిలవలేకపోయారు. కొత్త లివరుకి సున్నా నేర్పమని తెర అడిగింది. బండితో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే చేశారు. చక్రాలు ఎత్తారు, నూనె వేడి చేశారు, మీట నొక్కి తెర సరే అనేదాకా లివర్లు వదిలేశారు.

"వదిలేసింది నువ్వేనా?"

"నాకు తెర గొడవ రాదుగా. నేను పుస్తకం చదివాను. సీట్లో నెల్సా కూర్చుంది."

తర్వాతి మాట నేను అడగలేదు. అడగక్కర్లేదు. నెల్సాను చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. ఉరుగ్వేలో పుట్టినవాడి ఎడమ చంక ఫ్లాస్కు కోసమేనని పరాయివాళ్లు నవ్వుతారు. ఆవిడ మరీను. ట్రాక్టరు నడిపినా, దూడకి మందు పోసినా, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, ఆ చేతిలోనే టీలా తాగే మాతె ఆకు నింపిన సొరబుర్ర. పెళ్లి ఫోటోలో కూడా పూలగుత్తితోపాటు అదుంటుంది.

నా బండిలోంచి నా ఫ్లాస్కు తెచ్చుకున్నాను. సీట్లో కూర్చుని, చంకలో ఇరికించి, చేతిలో బుర్ర పట్టుకున్నాను. ఫ్లాస్కు జారకుండా మోచెయ్యి ఒంటికి నొక్కిపెడితే ముంజేయి వెళ్లి లివరుకి ఆనింది, దాన్ని వెంట్రుకవాసి వెనక్కి లాగింది. నాకు తెలియనే లేదు. తెర చూస్తే తెలిసింది.

సున్నా.

గాలిలో తిరుగుతున్న చక్రాలు ఆగిపోయాయి. నెల్సా కూర్చున్నట్టు కూర్చుంటే తప్ప ఆ బండి కదలకుండా నిలబడదు. ఖాళీ చేతులతో కూర్చున్న ఎవడికైనా అది ముందుకే పోతుంది.

విల్మర్ నా చంక వైపు చూశాడు. తెర వైపు చూశాడు. కొట్టం గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి, ఆ పేడలోనే కూర్చున్నాడు. నేను ఇంజను ఆపాను. పాల పాకలో ఆవు ఒకటి గొలుసు లాక్కుంటున్న చప్పుడు వినపడింది.

లేచాక అతను అన్న మొదటి మాట: "మామకి చెప్పకు."

బండి తప్పే కదా, అంతవరకే చెబుతాను అన్నాను.

"అక్కడితో ఆగడు. బండికి ఎవరు నేర్పారని అడుగుతాడు. ఆయనకి ఇంక మిగిలింది ఆమే. తెలియక తన ప్రాణం తనే తీసుకుందని ఆయన వినకూడదు. చెయ్యి అని చెప్పు మేస్త్రీ. నీకు దండం పెడతాను. ఆ చెయ్యి నాది కాదని నాకు తెలిసింది, నాకది చాలు."

బండిని అలా వదిలెయ్యకూడదని మాత్రం చెప్పాను. మళ్లీ సున్నా నేర్పాలి.

"పాత సున్నా పోతుందా?"

"పోతుంది."

కానివ్వమన్నాడు. నేను సీటెక్కగానే అటు తిరిగి మేత తొట్ల వైపు నడిచాడు. ఫ్లాస్కు పక్కన పెట్టి, మీట నొక్కి, రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాను. తెర సరే అంది. వేగం పెంచినా చక్రాలు కదల్లేదు.

చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్లాం. ఒలెగారియో పొయ్యి దగ్గర నిలబడి కుండ కలుపుతున్నాడు. ఆవు మాంసం, గుమ్మడికాయ ముక్కలు, మొక్కజొన్న కండెలు వేసి పొద్దుటి నుంచి ఉడుకుతోంది. మా వైపు తిరగలేదు.

"చెయ్యా, బండా?"

నా వెనక నుంచి విల్మర్ అన్నాడు:

"చెయ్యే మామా."

ఒలెగారియో గరిటె పక్కన పెట్టాడు. పొయ్యి పైన కిటికీ ఉంది. ఆవిరికి మసకబారిన ఆ అద్దం మీద మధ్యలో ఒక గుండ్రం తుడిచి ఉంది. అందులోంచి చూస్తే కొట్టం వెనకంతా కనపడుతుంది. దిమ్మెలు, లోడరు, సీటు. ఆయన నా వైపు చూశాడు. ముఖం వైపు కాదు. నేను మళ్లీ చంకలో పెట్టుకుని వచ్చిన ఫ్లాస్కు వైపు.

"దానికి నేర్పిన రోజు కూడా ఇక్కణ్ణించే చూశాను," అన్నాడు అల్లుడితో. "పుస్తకం చదవడం సరిగ్గా రాదని నెల్సా నిన్ను వెక్కిరిస్తోంది. చంకలో ఫ్లాస్కుతో నవ్వుతోంది."

విల్మర్ ఏదో చెప్పబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. గుమ్మం దాకా నడిచి, వంగి, సంచీ ఎత్తుకుని, అల్లుడి గదిలోకి వెళ్లాడు. మంచం మీద అది పడిన చప్పుడైంది. ఆయన బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కళ్లు తుడుచుకున్నట్టు కూడా లేదు, ముఖమంతా తడిగానే ఉంది.

బల్ల మీద మూడు కంచాలు పెట్టాడు. తన కంచం పాకలోకి పట్టుకుపోలేదు, అల్లుడికి ఎదురుగా పెట్టుకున్నాడు. రొట్టె విరిచి మధ్యలో ఉంచాడు. కుండలో గరిటె తిప్పి మూలుగ ఉన్న ఎముకను వెతికి తీశాడు. ఆ ఇంట్లో అదెప్పుడూ నెల్సాదే. గరిటె కాసేపు గాలిలో ఆగింది. తర్వాత విల్మర్ కంచంలోకి వంగింది.

విల్మర్ దాన్ని తినలేదు, పక్కకి నెట్టనూ లేదు. దాని చుట్టూ ఉన్న గుమ్మడి ముక్కలు ఒక్కొక్కటే తిన్నాడు. బయట ముసురు అలాగే ఉంది. ముగ్గురం తల వంచుకుని తిన్నాం.