ఒక్క అణువు మందం

నేను ఒక టెఫ్లాన్ తొట్టిని. మూరెడు పొడవు, రెండు వేళ్ల లోతు. విశాఖలోని ఒక కాలేజీ వర్క్‌షాపులో అప్పలకొండ అనే పనివాడు తొమ్మిది రోజులు చెక్కి నన్ను తయారుచేశాడు. చేయించుకున్నది అక్కడే భౌతికశాస్త్రం చెప్పే ఎస్తేరురాణి.

ఆమె నాలో నీళ్లు నింపి, కొవ్వు ఆమ్లం కరిగించిన ద్రావణాన్ని చుక్క చుక్కగా వదిలేది. అణువులు నీటిమీద చెల్లాచెదురుగా పరుచుకునేవి. చేతిమర తిప్పి, నీటిమీద అడ్డంగా ఆనించిన పట్టీని మెల్లగా జరిపితే అవి ఒకదానికొకటి ఆనుకుని, తల నీటిలో, తోక గాలిలో పెట్టి బారులు తీరేవి. అప్పుడు గాజుపలకను ముంచి తీస్తే ఒక్క అణువు మందాన పొర అంటుకునేది. అలా పొరమీద పొర, నలభై. కంటికేమీ ఆనదు. దానికోసం ఆమె పదిహేడేళ్లు ఆ గదిలో ఫ్యాను వేసుకోలేదు. రేషను దుకాణం దగ్గర వరుస తప్పే మనుషులే, అణువు వరుస తప్పితే అన్నం మానేస్తారు!

ఒక ఏడాది పొరలు చిరగడం మొదలైంది. ఆమె వీధిలో లారీల అదురును అనుమానించింది. బల్ల కింద ఇసుక పోయించింది. చివరికి నా అంచు వంకర పోయిందని అప్పలకొండను పిలిచి గట్టిగానే మందలించింది. అతను మట్టం పెట్టి చూసి వెళ్లాడు. మర్నాడు వచ్చి, ఆమె మర తిప్పుతుంటే పక్కన నిలబడ్డాడు.

"తొట్టిలో లోపం నేదమ్మా. మీ సెయ్యి వణుకుతంది."

ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"తెలుసు అప్పలకొండా. తొట్టిదే అయితే బాగుండుననుకున్నాను."

నా నీటికి అంతకు ముందే తెలుసు. నాకు నోరు లేదు.

డాక్టర్లు జబ్బు పేరు చెప్పారు, మందులిచ్చారు. వణుకు ఆగలేదు. చివరి పలకకు ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే అప్పలకొండ మర తిప్పాడు. నలభై పొరలూ చక్కగా వచ్చాయి. ఆమె అతన్ని మనసారా మెచ్చుకుంది. అతను గుమ్మం దాటాక తలుపు వేసుకుని ఏడ్చింది.

ఆమె ఉద్యోగం మానేసింది. కొత్త యంత్రం వచ్చింది, నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె నన్ను చూడటానికి వచ్చింది. అప్పలకొండ తాళం అడిగి తెచ్చి, నన్ను దించి, అంచుదాకా నీళ్లు నింపాడు. ఆమె కుడిచేయి నాలో పెట్టింది. నీళ్లు అదిరి, పొర్లి, బల్లమీద కారాయి. అతను తుడవబోయాడు.

"ఉండనీ," అంది ఆమె.

అతను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాలో నీళ్లు సగానికి తగ్గేదాకా ఆమె చేయి తియ్యలేదు.