వచ్చేవారం మేడమ్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటుంది, కాదనను. ముప్పై ఏళ్ళు నీటి పరీక్షల ల్యాబులో పనిచేసినదాన్ని. గ్లాసుడు నీళ్ళు చూపించి జనాన్ని బెదిరించేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండకుండా ఎలా ఉంటుంది? ఆ మంటతోనే, రిటైరయ్యాక లైబ్రరీ మేడ మీద శనివారం సాయంత్రాలు పెద్దవాళ్ళకు సైన్సు ప్రయోగాలు చూపించడం మొదలుపెట్టాను. అక్కడ నాకు ‘వచ్చేవారం మేడమ్’ అని పేరు పెట్టారు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ ఆదివారం పొద్దున్నే అన్నయ్య ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. వదినకు కిడ్నీలో రాయి మళ్ళీ కదిలింది, నొప్పితో మెలికలు తిరిగిపోతోంది. రెండేళ్ళ కిందట ఇలాగే అయినప్పుడు, రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగి తీరాలని డాక్టరు చెప్పారు. వదిన చెప్పింది తు.చ. తప్పకుండా చేసే మనిషి. యూనిఫాంలు కుట్టే షాపులో మిషను పక్కనే సీసా పెట్టుకుని, దానికి సుద్దముక్కతో గీతలు గీసి, గంటకో గీత చొప్పున తాగేది. అలాంటిది నెలరోజులుగా రోజుకు రెండు గ్లాసులకు మించి ముట్టడం లేదట. కుళాయి నీళ్ళంటే భయమట. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే ఆ సంగతి బయటపడింది. రెండు రోజుల్లో రాయి పడిపోకపోతే ఆపరేషనే అన్నారు.

ఇంకేం, నాకు దొంగ దొరికిపోయాడు. వాళ్ళ అపార్ట్‌మెంటులో వాటర్ ఫిల్టర్లు అమ్మేవాడొకడు తిరుగుతున్నాడని నాకు తెలుసు. వదినకు బట్టలు తీసుకురమ్మని అన్నయ్య పంపితే, ఆ అపార్ట్‌మెంటుకే వెళ్ళాను. తీరా చూస్తే కింద హాల్లో అతగాడే, ప్లాస్టిక్ కుర్చీల్లో పదిహేను మందిని కూర్చోబెట్టి. టేబుల్ మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో కుళాయి నీళ్ళు, రెండోదాంట్లో ఫిల్టర్ నీళ్ళు. రెండింటిలోనూ ఇనుప కడ్డీలు ముంచి స్విచ్ వేశాడు. నిమిషంలో కుళాయి నీళ్ళు బురదరంగుకు తిరిగి, పైన తెట్టు కట్టింది. ఫిల్టర్ నీళ్ళు తేటగా ఉన్నాయి. మీ పిల్లలు రోజూ తాగేది ఇదేనని అతను బురద గ్లాసు ఎత్తి చూపించాడు. ముందు వరసలో ఒక పెద్దావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడో అంతస్తుకు వెళ్ళి వదిన వంటింట్లో ఉప్పుడబ్బా తెచ్చాను. అతని ఫిల్టర్ నీళ్ళే కొత్త గ్లాసులో పోయించి, చిటికెడు ఉప్పు వేసి, స్విచ్ వేయమన్నాను. అతను వెనకాడితే నేనే వేశాను. ఆ నీళ్ళు అంతకంటే తొందరగా బురదయ్యాయి.

నీళ్ళలో లవణాలుంటేనే కరెంటు బాగా పారుతుందని, పారితే ఇనుము కరిగి తుప్పుగా తేలుతుందని, ఫిల్టర్ ఆ లవణాలను తీసేస్తుంది కాబట్టే అక్కడ ఏమీ జరగలేదని అందరికీ చెప్పాను. అతని కడ్డీ బయటకు తీసి, ఎక్కడెక్కడ కరిగి గుంటలు పడిందో చేత్తో తడిమి చూడమన్నాను. మురికి నీళ్ళది కాదు, కడ్డీది. అక్కడితో ఆగలేదు. నీ నాటకం వల్ల మూడో అంతస్తులో ఉండే మా వదిన మంచాన పడిందని అతన్ని పట్టుకుని చెడామడా దులిపేశాను.

అంతా లేచి వెళ్ళిపోయాక అతను వైరు చుట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

“మూడో అంతస్తు ఆంటీ నా డెమోకి రానేలేదు మేడమ్. నేనే వెళ్ళి తలుపు కొడితే, ‘నాకు చూపించక్కర్లేదు బాబూ, మా ఆడపడుచు లైబ్రరీలో చూపించేసింది, నీళ్ళ సంగతి నాకు తెలుసు’ అన్నారు.”

నేను ఉప్పుడబ్బాకు మూత పెట్టాను.

నా పద్ధతి ఒకటుంది. ఈ వారం ప్రయోగం చూపిస్తాను, ఎందుకలా జరిగిందో వచ్చేవారం చెబుతాను. వారమంతా బుర్ర బద్దలుకొట్టుకుని వస్తారని నా సరదా. ఆ పేరు అలా వచ్చిందే. దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా. నెలకిందట, ఇలాంటి మోసాల గుట్టు విప్పాలని, గ్లాసుడు కుళాయి నీళ్ళలో రెండు ఇనుప మేకులు ముంచి బ్యాటరీ తగిలించాను. నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. ఈ మురికి ఎక్కడిదో వచ్చేవారం చెబుతానని సామాను సర్దేశాను. మరుసటి శనివారం మేకులు తీసేసి పెన్సిల్ ములుకులు పెట్టాను. బుడగలు వచ్చాయి తప్ప నీళ్ళు తేటగానే ఉన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

మేకుల ప్రయోగం చూసిన వదిన ఆ రెండో శనివారం రాలేదు. బళ్ళు తెరిచే రోజులు, షాపులో ఊపిరాడని పని. ఆమె కుర్చీ ఖాళీగా ఉండటం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. వదిన బట్టలు తీసుకుని, దోవ పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఆసుపత్రికి చేరాను.

వదిన సెలైన్ సీసా కింద పడుకుని ఉంది. అన్నయ్యను టీకి పంపి, మంచం పక్కన కూర్చుని మేకుల సంగతి, ములుకుల సంగతి మొత్తం చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. ఇన్నాళ్ళూ నన్నెందుకు అడగలేదని అడిగాను, ఇంకా కోపంగానే.

“అందరికీ తెలిశాక నేనొక్కదాన్నే అడిగితే నవ్వుతావని. నవ్వుతావు కదా నువ్వు.”

నవ్వుతాను. క్లాసులో ఎవరైనా వెనకబడితే నవ్వుతాను.

“నువ్వు చూపిస్తే అబద్ధం ఉండదనుకున్నా,” అంది వదిన. “ఆ ఒక్క ముక్కా ఆరోజే చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?”

లేచి వార్డు చివర కుళాయి దగ్గరకు వెళ్ళి, గ్లాసు నింపి తెచ్చాను. వదిన దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత నా చేతికే తిరిగిచ్చింది.

“ముందు నువ్వు తాగు.”

ముప్పై ఏళ్ళు ఊరందరికీ నీళ్ళు పరీక్ష చేసి సంతకం పెట్టినదాన్ని. ఆమె చూస్తుండగా గ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ నింపుకురావడానికి లేచాను.